పక్క కర్రీ పాయింట్లని గమనించడం వల్ల నిజంగా ఉపయోగం ఉందా?

కేపీహెచ్‌బీ_కొత్తషాపు
హైదరాబాద్ కేపీహెచ్‌బీ కాలనీలో హాస్టళ్ల వైపు కర్రీ పాయింట్ పెట్టే ఆలోచన. అర కిలోమీటరు లోపల ఇప్పటికే 6 ఉన్నాయి. ఇంట్లో పెద్దవాళ్లు "పక్కవాళ్ల గిన్నెలోకి తొంగి చూడటం దేనికి, నీ కూర బాగుంటే జనం వాళ్లే వస్తారు" అంటున్నారు. వ్యాపారంలో ఉన్నవాళ్లు మాత్రం "ముందు ఆ 6 షాపుల్నీ నెల రోజులు చూడు, ఆ తర్వాతే అడ్వాన్స్ ఇవ్వు" అంటున్నారు. నెల రోజులు చూస్తే కొత్తగా ఏం తెలుస్తుంది? ధర బోర్డు మీదే ఉంది. రుచి ఒకసారి తింటే తెలుస్తుంది. "రీసెర్చ్ చెయ్యి" అని వదిలెయ్యకుండా ఏం కొలవాలో, ఎలా కొలవాలో చెప్పండి.

గరిటె_తిప్పు
కూర బాగుండటం అంటే దేనికంటే బాగుండటం? కొనే కుర్రాడు నీ కూరని వాళ్లమ్మ వంటతో పోల్చడు. నిన్న పక్క షాపులో 40కి కొన్న ప్యాకెట్‌తో పోలుస్తాడు. ఆ ప్యాకెట్ గురించి వాడికి తెలిసినంత కూడా నీకు తెలియకపోతే ఎలా?

తూకంరాయి
బోర్డు మీద ధర ఉంటుంది, తూకం ఉండదు. అసలు ధర తూకంలోనే ఉంది.

వంటింటి డిజిటల్ కాటా ఒకటి, పెద్ద కన్నాల జల్లెడ ఒకటి దగ్గర పెట్టుకోండి. ఒకే రోజు, ఒకే గంటలో 4 షాపుల్లో ఒకే రకాలు కొనండి: ఒక పప్పు, ఒక వేపుడు, ఒక గ్రేవీ కూర, సాంబారు. కవర్‌తో సహా తూచి, ఖాళీ చేశాక కవరూ రబ్బరు బ్యాండూ విడిగా తూచి తీసెయ్యండి. గ్రేవీ కూరని జల్లెడలో 5 నిమిషాలు వదిలేసి ముక్కలు వేరు, పులుసు వేరు తూచండి.

ఉదాహరణకి ఒక షాపులో గుత్తి వంకాయ 40 రూపాయలకి 210 గ్రాములు వచ్చింది, అందులో కాయలు 90 అనుకోండి. ఇంకో షాపులో 45కి 190 గ్రాములే, కానీ కాయలు 125. బోర్డు చూస్తే రెండో షాపు ఖరీదు, పైగా ప్యాకెట్ చిన్నది. కాయల లెక్కన చూస్తే మొదటి షాపులో 100 గ్రాములకి 44 రూపాయలు పడింది, రెండో షాపులో 36. కొనేవాళ్ల దగ్గర కాటా ఉండదు, కానీ అన్నంలో కలిపితే రెండో ముద్దకే తెలిసిపోతుంది.

ఒక్కసారి తూచి ఊరుకోవద్దు. గరిటె చేతివాటం మనిషికి మనిషికి మారుతుంది. సాయంత్రం 7కి ఒకసారి, రాత్రి 9కి ఒకసారి, కనీసం 3 రోజులు. 9 గంటలకి పులుసు ఎక్కువై ముక్కలు తగ్గితే వాళ్లు మధ్యలో నీళ్లు పోసి కాస్తున్నారని అర్థం. అది మీకు చాలా పెద్ద సమాచారం.

మియాపూర్_మిర్చి
పప్పు ఎట్ల కొలవాలన్నా? జల్లెడల పోస్తే మొత్తం కిందికే పోతది కదా.

తూకంరాయి
@మియాపూర్_మిర్చి పప్పుకి జల్లెడ పనికిరాదు. అన్ని షాపుల పప్పూ ఒకే వేడికి వచ్చేదాకా ఆగాలి, ఎందుకంటే చల్లారేకొద్దీ పప్పు గట్టిపడుతుంది. తర్వాత స్టీలు పళ్లెంలో ఒక్కో గరిటె వేసి పళ్లెం కొద్దిగా వంచితే ఏది ముందు పారుతుందో కనపడుతుంది. కిలో కందిపప్పుకి సుమారు 3 కిలోల గట్టి పప్పు వస్తుంది. అదే 4 కిలోలు దాటిస్తే పళ్లెంలో నిలవదు. పారే తీరు చూస్తే కిలోకి ఎంత లాగుతున్నారో అంచనాకి అందుతుంది, దాన్నిబట్టి ప్యాకెట్‌కి పడే పప్పు ఖర్చు కూడా.

లెక్కల_పుస్తకం
తూకం తర్వాతది జనం లెక్క. ఇందులో అందరూ చేసే తప్పు ఒకటుంది: రద్దీగా ఉన్న ఒక పావుగంట చూసి దాన్ని మొత్తం సాయంత్రానికి హెచ్చవేయడం.

షాపు ఎదురుగా ఎక్కడైనా కూర్చోండి, టీ కొట్టు అయితే మంచిది. సాయంత్రం 6.30 నుంచి 9.30 దాకా అంటే 12 పావుగంటలు. వాటిని మూడు ముక్కలు చేయండి: 6.30–7.30 పల్చగా ఉంటుంది (4 పావుగంటలు), 7.30–9.00 రద్దీ (6), 9.00–9.30 మళ్లీ పల్చన (2). ఒక్కో ముక్కలో ఒక్క పావుగంట లెక్కపెట్టండి. 8 మంది, 21 మంది, 10 మంది వచ్చారనుకోండి. 8×4, 21×6, 10×2 కలిపితే 178. మూడింటినీ సగటు చేసి 12తో హెచ్చవేస్తే 156 వస్తుంది, అది తప్పు. రద్దీ సమయాన్నే పట్టుకుని హెచ్చవేస్తే 252, అది ఇంకా పెద్ద తప్పు. దాన్ని నమ్మి అద్దె ఒప్పుకుంటే మూడో నెలకి షట్టర్ దించాలి.

మనుషుల్నే కాదు, చేతిలో ప్యాకెట్లని కూడా లెక్కపెట్టండి. ఒక్కడు వచ్చి 5 తీసుకెళ్తే రూమ్‌లో నలుగురున్నట్టు. డెలివరీ కుర్రాళ్లకి వేరే గీత గీయండి, ఆ ఆర్డర్ల మీద లాభం వేరు.

అద్దెగది_అశోక్‌నగర్
కొనేవాళ్ల వైపు నుంచి ఒక మాట. మీరు 6 షాపులే పోటీ అనుకుంటున్నారు. హాస్టల్‌లో ఉన్నవాళ్లకి మొదటి పోటీ హాస్టల్ మెస్. డబ్బు ముందే కట్టేశారు కాబట్టి అది తినడానికి అదనంగా ఖర్చు లేదు. మెస్‌లో ఆ రోజు వండింది నచ్చనప్పుడే కర్రీ పాయింట్‌కి వస్తారు. మీ చుట్టూ ఉన్న నాలుగైదు హాస్టళ్ల వారం మెనూ తెచ్చుకోండి, చాలాచోట్ల గోడ మీదే అంటిస్తారు. మంగళవారం రాత్రి అన్ని మెస్సుల్లోనూ సొరకాయ అయితే ఆ రాత్రి మీకు పండగ. ఆదివారం మధ్యాహ్నం చికెన్ పెడతారు, ఆ పూట మీ చికెన్ మిగులుతుంది.

గరిటె_తిప్పు
ఇది బంగారం లాంటి మాట. మెస్ మెనూ సంగతి ఎవరూ చెప్పరు.

బేగంబజార్_సరుకు
బండి మీద దోసెలు పోసేటోళ్లు, చపాతీలు జేసి అమ్మే ఇండ్లు, స్విగ్గీ, జొమాటో, అన్నీ కలుపుకోవాలె. రాత్రి పూట ఆకలైనోనికి కూరే కావాలని ఏం లేదు, కడుపు నిండాలె అంతే. గా 6 షాపులకే చూపు కట్టేసుకుంటే అసలు గిరాకీ యాడికి పోతుందో కనపడది.

ఒంటిచేత్తో_వ్యాపారం
నేను ఒప్పుకోను. పోటీవాళ్ల మీద కన్నేసి కూర్చుంటే చివరికి ఏడో షాపు కూడా ఆ ఆరింటి నకలే అవుతుంది. అదే బోర్డు, అవే 14 కూరలు, 5 రూపాయలు తక్కువ. అమీర్‌పేట్, ఎస్సార్ నగర్ గల్లీల్లో అన్ని షాపులూ ఒకేలా ఎందుకున్నాయి? ఒకరిని చూసి ఒకరు పెట్టడం వల్లే. చూడటం మానేస్తేనే సొంత బుర్ర పనిచేస్తుంది.

లెక్కల_పుస్తకం
@ఒంటిచేత్తో_వ్యాపారం మీరు చెప్పిన జబ్బు నిజమే, మందు మాత్రం తప్పు. వాళ్లు చూసింది బోర్డుని. బోర్డుని మాత్రమే చూస్తే నకలే పుడుతుంది. ఏ కూర ఎన్నింటికి అయిపోతోంది, ఏది 9.30కి కూడా సగం గిన్నె ఉంది, ఏది అడిగి లేదనిపించుకుని వెళ్లిపోతున్నారు, ఇవి చూసినవాళ్లు నకలు చెయ్యలేరు. 14 కూరల్లో 5 రోజూ మిగులుతున్నాయని తెలిశాక ఆ 5 ఎవరైనా పెడతారా?

ఒంటిచేత్తో_వ్యాపారం
సరే, అది ఒప్పుకుంటా. కానీ ధర సంగతి? పక్కవాడి ధర చూడగానే అందరికీ చెయ్యి 5 తగ్గించడం వైపే వెళ్తుంది.

ఆడిటర్_రామంతాపూర్
ఆ 5 రూపాయల లెక్క ఒకసారి కాగితం మీద వెయ్యాలి. ప్యాకెట్ 40. సరుకు, గ్యాస్, కవర్ కలిపి ప్యాకెట్‌కి 20 పడుతుందనుకుందాం. మిగిలేది 20. రోజుకి 100 ప్యాకెట్లు అంటే 2,000, అందులోంచి అద్దె, జీతాలు, కరెంటు. ధర 35 చేస్తే ప్యాకెట్‌కి మిగిలేది 15. అదే 2,000 రావాలంటే 134 ప్యాకెట్లు అమ్మాలి. అంటే ధర ఎనిమిదో వంతు తగ్గించినందుకు అమ్మకం మూడో వంతు పెరగాలి. 34 ప్యాకెట్లు ఎక్కువ వండటానికి ఇంకో మనిషి కావాల్సొస్తే అదీ చాలదు.

పైగా పక్కవాడు మర్నాడే 35 రాస్తాడు. అతను సొంత మలిగలో (షాపు గదిలో) ఉంటే, అద్దె కట్టే మీరు అతనితో ఎన్నాళ్లు నిలబడగలరు? అందుకే పోటీ గురించి ముందుగా తెలుసుకోవాల్సింది ధర కాదు, షాపు సొంతమా అద్దెకా, వండేది ఇంటివాళ్లా జీతగాళ్లా. ఈ రెండూ తెలిస్తే అతను ఎంత దూరం తగ్గగలడో తెలిసినట్టే.

సబ్బుబిళ్ల
దీనికి దేశమంతా తెలిసిన ఉదాహరణ నిర్మా. 1969లో అహ్మదాబాద్‌లో కర్సన్‌భాయ్ పటేల్ చౌకగా బట్టల పొడి తయారుచేసి ఇంటింటికీ అమ్మడం మొదలుపెడితే, సర్ఫ్ అమ్మే హిందుస్థాన్ లీవర్ అది తమ కొనుగోలుదారులది కాదులే అనుకుంది. సర్ఫ్ కొనలేని ఇళ్లన్నీ నిర్మా వైపు వెళ్లాయి. తేరుకున్నాక లీవర్ చేసిన పని చూడండి: సర్ఫ్‌ని నిర్మా ధరకి దించలేదు. నిర్మా ఎలా తయారవుతోంది, ఎలా అంగడికి చేరుతోంది అనేది విప్పి చూసి, 1980ల చివరికల్లా వీల్ అని వేరే సరుకుని ఆ ధరల్లోకి దించింది. సర్ఫ్ సర్ఫ్‌లాగే ఉంది.

కర్రీ పాయింట్‌కి అన్వయిస్తే, 40 ప్యాకెట్‌ని 35 చెయ్యకుండా 25కి ఒక చిన్న ప్యాకెట్ పెట్టడం లాంటిది.

మియాపూర్_మిర్చి
ఆరుగురు ఓనర్లు ఒక్కసారి కూసొని అందరం 45 అనుకుంటే లొల్లే ఉండదు కదా?

ఆడిటర్_రామంతాపూర్
@మియాపూర్_మిర్చి ఆ పని అస్సలు వద్దు. పోటీదారులు కలిసి ధర నిర్ణయించుకోవడం కాంపిటీషన్ చట్టం 2002, సెక్షన్ 3 కిందకి వస్తుంది. బోర్డు చూసి మీ అంతట మీరు ధర పెట్టుకోవడం వేరు, కూర్చుని మాట్లాడుకుని పెట్టడం వేరు. వాట్సాప్ గ్రూపులో "రేపటి నుంచి అందరం 45" అని ఒక్క మెసేజ్ ఉన్నా అదే సాక్ష్యం.

కేపీహెచ్‌బీ_కొత్తషాపు
తూకం, జనం లెక్క అర్థమయ్యాయి. సొంతమా అద్దెకా అనేది ఎలా తెలుస్తుంది? వెళ్లి అడగలేం కదా.

బేగంబజార్_సరుకు
పక్క మలిగల జిరాక్స్ షాపాయన, పాన్ డబ్బాయన, ఇస్త్రీ బండాయన. గల్లీల ఎవని కిరాయి ఎంతో, ఎవడు ఎప్పుడు ఖాళీ చేసిండో వాళ్లకే తెలుసు. నువ్వు "ఈడ మలిగలకు కిరాయి ఎంత నడుస్తుంది" అని అడుగు, ఫలానాయనది ఎంత అని అడగకు. సగం మాట అయినంక వాళ్లే అందరివీ చెప్తరు.

ఇంకొకటి మర్చిపోకు. నడిచే షాపులనే కాదు, మూతపడ్డవి చూడాలె. ఆ సైడు గత రెండు మూడేండ్ల ఎన్ని కర్రీ పాయింట్లు లేచిపోయినయో పట్టుకో. టు-లెట్ బోర్డు మీద పాత పేరు కనపడుతనే ఉంటది. ఎందుకు పోయినయ్? బండ్లు ఆపే జాగ లేకనా, కిరాయి పెంచితెనా, వంటాయన పోతెనా, హాస్టల్ వేరే కాడికి పోతెనా? బతికినోళ్లు ఏం జేస్తున్నరో అది మూతపడ్డోళ్లు గూడ చేసి ఉంటరు. తేడా యాడున్నదో గప్పుడే దొరుకుతది.

పటం_చూసేవాడు
మూతపడినవాటిని ఫోన్‌లోనే వెతకొచ్చు. గూగుల్ మ్యాప్స్‌లో "శాశ్వతంగా మూసివేశారు" అని ఎర్ర అక్షరాలతో వచ్చేవన్నీ రాసుకోండి, కింద రివ్యూల తేదీలు చూస్తే ఎప్పటి నుంచి ఎప్పటి దాకా నడిచిందో తెలుస్తుంది. హైదరాబాద్‌కి స్ట్రీట్ వ్యూ 2022 జులైలో వచ్చింది, మీ వీధి అందులో ఉంటే అప్పుడు ఏ మలిగలో ఏముందో చూసుకోవచ్చు.

నడుస్తున్న షాపులకి ఫోటోల విభాగం తెరవండి. జనం పెట్టిన మెనూ బోర్డు ఫోటోలు తేదీలతో ఉంటాయి. పప్పు 25 నుంచి 30, 30 నుంచి 35 ఎప్పుడెప్పుడు అయిందో వరసగా దొరుకుతుంది. ధర పెంచిన తర్వాత నెలల్లో రివ్యూల్లో తిట్లు పెరిగాయా? పెరగకపోతే అక్కడి జనం ఆ పెంపుని మోశారన్నమాట. ఈ ఒక్క సంగతి కోసమైనా రెండు గంటలు కూర్చోవచ్చు. "రద్దీ సమయాలు" అనే గీతల బొమ్మ కూడా ఉంటుంది, అది మనుషుల సంఖ్య చెప్పదు, ఏ గంట ఎక్కువ ఏ గంట తక్కువ అనేదే చెబుతుంది. @లెక్కల_పుస్తకం చెప్పిన మూడు ముక్కలు ఎక్కడ కొయ్యాలో దానితో తేలుతుంది.

రివ్యూ_చదువరి
రివ్యూలు చదివేటప్పుడు 5 నక్షత్రాలవి పక్కన పెట్టండి, అందులో చుట్టాలుంటారు. 1 నక్షత్రంవి కోపంలో రాసినవి. 3 నక్షత్రాలవి చదవండి, "బాగుంది కానీ" అని ఉంటుంది చూశారా, ఆ కానీ తర్వాతదే మీకు కావాల్సింది. కొత్తవి పైకి వచ్చేలా పెట్టుకుని ఒక్కో షాపుకి 50 తీసుకుని గీతలు గీయండి: నూనె, ఉప్పు కారం, పరిమాణం, కవర్ కారడం, లేదన్నారు, మాట తీరు. అన్ని షాపుల్లోనూ ఒకే గడిలో గీతలు పడితే అది ఆ పేటకే ఉన్న ఇబ్బంది. ఒక్క షాపులోనే పడితే అది ఆ షాపు ఇబ్బంది. రెండింటినీ కలపొద్దు.

డబ్బా_కవర్
కవర్ కారడం గురించి చిన్న మాట. సాంబారు, రసం మరీ వేడిగా పల్చటి కవర్లో పోసి మెడ దగ్గర గాలి లేకుండా కట్టేస్తే ఆవిరికి రబ్బరు బ్యాండు జారుతుంది. మూడు వంతులే నింపి, మెడ మెలితిప్పి మడిచి కట్టాలి. పక్క షాపుల్లో ఎలా కడుతున్నారో చేతులు చూడండి, 2 నిమిషాల పాఠం. ఇంకోటి, ప్లాస్టిక్ చేతి సంచులు 120 మైక్రాన్ల కంటే పల్చనివి 2022 డిసెంబరు 31 నుంచి నిషేధం. పక్కవాళ్లు ఇస్తున్నారు కదా అని మీరూ మొదలుపెడితే జరిమానా మీకే.

యాప్_ఆర్డర్
స్విగ్గీ, జొమాటోల్లో చూసేటప్పుడు ఒక మోసం గమనించాలి. ఒకే వంటగది నాలుగైదు పేర్లతో ఉంటుంది. బిర్యానీకి ఒక పేరు, పప్పన్నానికి ఒకటి, రోటీలకి ఇంకోటి. మెనూ చివరిదాకా జరిపితే ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) ఇచ్చిన నంబరు, చిరునామా ఉంటాయి. నంబరు ఒకటే అయితే పోటీ ఒక్కరే. 20 మంది ఉన్నారని బెదిరిపోయే చోట లెక్క 8కి దిగొచ్చు.

యాప్ ధరకీ షాపు ధరకీ ఉన్న తేడా కూడా రాసుకోండి. కమీషన్ తట్టుకోడానికే ఆ పెంపు. తేడా అసలు లేదంటే వాళ్లు ప్యాకెట్ తూకం తగ్గిస్తున్నారా, లేక నష్టానికి అమ్ముతున్నారా? షాపులో ఒకటి, యాప్‌లో ఒకటి తెప్పించి @తూకంరాయి కాటా మీద పెడితే తేలిపోతుంది.

ఆడిటర్_రామంతాపూర్
ఆ ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు గోడ మీద కూడా ఉండాలి, బిల్లు ఇస్తే బిల్లు మీద కూడా. 14 అంకెలు. మొదటి అంకె 1 అయితే లైసెన్స్, 2 అయితే చిన్న వ్యాపారాలకి ఇచ్చే రిజిస్ట్రేషన్. తర్వాతి రెండు రాష్ట్రం, ఆ తర్వాతి రెండు సంవత్సరం. అంటే ఆ కాగితం ఏ ఏడు తీసుకున్నారో గోడ చూసి చెప్పొచ్చు.

బిల్లు మీద జీఎస్టీ నంబరు ఉంటే జీఎస్టీ పోర్టల్‌లో వెతకండి. రిజిస్టరైన తేదీ, యజమాని పేరు, మామూలు పద్ధతా కాంపొజిషనా (చిన్న వ్యాపారాలు మొత్తం అమ్మకం మీద ఒకే శాతం పన్ను కట్టే పద్ధతి) అనేది ఎవరికైనా కనపడుతుంది. కాంపొజిషన్ అయితే బిల్లులో విడిగా పన్ను వెయ్యకూడదు. అదే ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో 100 రూపాయలు కట్టి వాళ్లు దాఖలు చేసిన లాభనష్టాల పట్టిక చూడొచ్చు. వీధి చివర కర్రీ పాయింట్‌కి ఇది దొరకదు, నాలుగైదు బ్రాంచీలున్న వాళ్లకి దొరుకుతుంది. జీతాలు, అద్దె, ముడిసరుకు అమ్మకంలో ఎన్నో వంతో అందులో ఉంటుంది. మీ అంచనా దానికి మరీ దూరంగా ఉంటే మీ అంచనాలో ఏదో మరిచారన్నమాట.

పచ్చడి_జాడీ
కూరలతో పాటు పొడులు, పచ్చళ్లు పెట్టేట్టయితే పోటీ ప్యాకెట్ వెనక్కి తిప్పండి. పదార్థాలు బరువులో ఎక్కువ నుంచి తక్కువ వరసలో రాయాలన్నది నియమం. కందిపొడిలో కందిపప్పు కంటే ముందు శనగపప్పు రాసి ఉంటే ఆ ధర ఎలా వచ్చిందో తెలిసినట్టే. గోంగూర పచ్చడిలో గోంగూర కంటే నూనె ముందుందా? నెట్ బరువు, తయారైన నెల, ఎమ్మార్పీ, గ్రాముకి ఎంతో, అన్నీ అక్కడే ఉంటాయి. షెల్ఫ్ మీద వెనక వరసలోంచి ప్యాకెట్ తీసి తయారీ నెల చూడండి. ముందు వెనక అన్నీ పాతవే అయితే సరుకు కదలట్లేదు.

మియాపూర్_మిర్చి
గ్యాస్ బండలు లెక్కపెట్టుడు గూడ ఒక పద్ధతే. నీలం రంగుది 19 కిలోలు, కమర్షియల్. వారానికి ఎన్ని మారుతున్నయో చూస్తే వంట ఎంతుందో తెలుస్తది. ఇంటి ఎర్ర బండ 14.2ది పెట్టి వండుతుంటే గది తప్పు, నువ్వు గది చూసి నేర్చుకోకు.

గరిటె_తిప్పు
నూనె కూడా. వేపుళ్లు ముదురు రంగులో, తింటే గొంతు పట్టేసేట్టు ఉంటే నూనె మార్చట్లేదని. కాగిన నూనెలో పోలార్ పదార్థాలు (నూనె పదేపదే కాగితే పుట్టేవి) 25 శాతం దాటితే వాడకూడదన్నది ఎఫ్ఎస్ఎస్ఏఐ నియమం. బెండకాయ వేపుడు రంగు సోమవారం నుంచి శనివారం దాకా చూస్తే నూనె ఏ రోజు మారుస్తున్నారో కనిపెట్టొచ్చు.

ఒంటిచేత్తో_వ్యాపారం
హద్దు ఎక్కడ గీస్తారు? ఇప్పుడు చెప్పినవి బయటి నుంచి కనపడేవి, సరే. వాళ్ల వంటాయన్ని పిలిచి వెయ్యి చేతిలో పెట్టి మసాలా కొలత అడిగేవాళ్లూ ఉన్నారు. అది నాకు దొంగతనంలాగే అనిపిస్తుంది.

బేగంబజార్_సరుకు
దొంగతనమే. ఇంకో నష్టం గూడ ఉన్నది: ఆయన ముచ్చట నీకు చెప్పినోడు నీ ముచ్చట రేపు ఇంకొకనికి చెప్తడు. కవర్లు అమ్మేటాయన, నూనె డబ్బాల ఏజెంటు, అందరు అంతే. "ఫలానాయన ఎన్ని డబ్బాలు తీసుకుంటడు" అని అడగకు. ధరలు కావాలంటే పొద్దుగాల బోయిన్‌పల్లి మార్కెట్‌కు పో, లేకుంటే ఎర్రగడ్డ, కూకట్‌పల్లి రైతుబజార్ల బోర్డు మీద రోజు రేట్లు రాస్తరు. ఉల్లిగడ్డ మలక్‌పేట గంజ్. టమాట కిలో ఎంత పడిందో తెలిస్తే పక్కోని టమాట పప్పుల ఎంత మిగులుతదో నువ్వే కట్టుకోవచ్చు, ఎవ్వరిని అడిగే పని లేదు.

ఆడిటర్_రామంతాపూర్
హద్దు గురించి సూటిగా: కొనడం, తినడం, తూచడం, రోడ్డు మీద నుంచి చూడటం, అందరికీ తెరిచి ఉన్న రికార్డులు చదవడం తప్పు కాదు. వంటగదిలోకి వెళ్లి ఫోటోలు తీయడం, ఇన్‌స్పెక్టర్‌నని చెప్పుకోవడం, దొంగ రివ్యూలు రాయించడం తప్పు. పేరు, బోర్డు రంగులు వాళ్లవాటిని పోలేలా పెట్టడం కూడా తప్పే, ట్రేడ్‌మార్క్ రిజిస్టర్ కాకపోయినా కేసు నడుస్తుంది. మీ పేరు ఖాయం చేసేముందు ట్రేడ్‌మార్క్ వెబ్‌సైట్‌లో 43వ తరగతిలో వెతకండి, హోటళ్లు, తినుబండారాల సేవలన్నీ అందులోనే ఉంటాయి.

కేపీహెచ్‌బీ_కొత్తషాపు
సోమ, మంగళ, శుక్ర, ఆదివారాలు లెక్కపెట్టాను. ఫలితం పెడుతున్నా, తప్పులుంటే చెప్పండి.
బస్టాప్ పక్కది: సగటు 190 మంది. హాస్టల్ గల్లీ మొదట్లోది: 150. మిగతా నాలుగూ 60 నుంచి 90 మధ్య.
రాత్రి 9.15 దాటాక 6లో 2 షాపుల్లోనే కూరలున్నాయి, అవి కూడా రెండు మూడు రకాలే. ఆ తర్వాత అరగంటలో రోజుకి సగటున 31 మంది వచ్చి ఖాళీ చేతుల్తో వెళ్లారు.
పుల్కాలు ఒక్క షాపులోనే ఉన్నాయి, 8.15కే అయిపోతున్నాయి.
"సగం ప్యాకెట్ ఇస్తారా" అని నాలుగు రోజుల్లో 14 మంది అడిగారు. ఎవరూ ఇవ్వలేదు.
అంటే 9.15 తర్వాతి అమ్మకం, పుల్కా, సగం ప్యాకెట్, ఈ మూడూ పట్టుకుంటే చాలా?

లెక్కల_పుస్తకం
లెక్క బాగా చేశారు. కానీ ఖాళీ కనపడగానే దూకొద్దు. ఆరుగురు అనుభవం ఉన్నవాళ్లు ఆ ఖాళీని ఎందుకు వదిలేశారో ఒక్కోదానికీ కారణం వెతకండి. కారణం మీకు కూడా వర్తిస్తే అది ఖాళీ కాదు, గొయ్యి.

9.15 సంగతి: రాత్రి మిగిలితే మర్నాటికి పనికిరాదు. అందుకని వాళ్లు తక్కువ పడేలాగే వండుతారు. మీరు 9.15 తర్వాత 31 మందికి వండి 15 మందే వస్తే ఆ మిగులు మిగతా లాభాన్ని తినేస్తుంది. అన్ని కూరలూ కాకుండా అప్పటికప్పుడు అయ్యేవి రెండు పెట్టుకుని చూడండి: కోడిగుడ్డు పొరటు, టమాట కూర. 10 నిమిషాల్లో అవుతాయి, మనిషి వచ్చాకే పొయ్యి మీద పెట్టొచ్చు. ముందే కోసిన ఉల్లి, టమాట మాత్రం సిద్ధంగా ఉండాలి.

గరిటె_తిప్పు
పుల్కా ఎందుకు వదిలేశారంటే మనిషి. కిలో గోధుమపిండికి 600 మిల్లీలీటర్ల నీళ్లు పోస్తే 1.6 కిలోల ముద్ద, 40 గ్రాముల ఉండలు చేస్తే 40 పుల్కాలు. పిండి ఖర్చు పెద్దది కాదు. కానీ ఒత్తడానికి ఒకరు, కాల్చడానికి ఒకరు 3 గంటలు కదలకుండా నిలబడాలి. 8.15కి అయిపోతున్నాయంటే వాళ్ల దగ్గర గిరాకీ తక్కువై కాదు, చేతులు తక్కువై. రోజుకి ఎన్ని చేస్తున్నారో ప్యాకెట్లు లెక్కపెట్టండి, ఇద్దరి జీతాన్ని రోజుకి విడగొట్టి ఆ సంఖ్యతో భాగించండి. పుల్కాకి రూపాయిన్నర దాటి జీతమే పడుతుంటే మీకూ అదే గతి. పగలు మీ దగ్గర కూరలు తరిగే మనుషులే సాయంత్రం పుల్కా చెయ్యగలిగితే లెక్క మారుతుంది.

డబ్బా_కవర్
సగం ప్యాకెట్ ఒక్కటే ఇందులో సులువు. కవర్, కట్టే సమయం పూర్తి ప్యాకెట్‌కి ఎంతో దీనికీ అంతే, అందుకే వాళ్లకి ఇష్టం లేదు. 40 ప్యాకెట్‌లో సగం 20కి ఇవ్వొద్దు, 25 పెట్టండి. ఒక్కరే తినేవాడికి 25కి పప్పు, 25కి వేపుడు, మొత్తం 50కి రెండు రకాలు వస్తాయి. ఇప్పుడు అదే మనిషి 40కి ఒకటే కొంటున్నాడు. రద్దీలో గరిటె ఆగకుండా 100 మిల్లీలీటర్ల గరిటె విడిగా పెట్టుకోండి, కంటి అంచనాతో సగం పోస్తే మీకే నష్టం.

అద్దెగది_అశోక్‌నగర్
14 మంది నోరు విడిచి అడిగారంటే అడగకుండా వెళ్లినవాళ్లు ఇంకా ఎక్కువే. ఒంటరిగా గదిలో ఉండేవాళ్లకి 200 గ్రాముల కూర ఒక పూటకి ఎక్కువ, ఫ్రిజ్ ఉండదు.

తూకంరాయి
మీ లెక్కలో ఒకటి తక్కువైంది. నాలుగు రోజులూ నెల మొదటి వారంలోనివా? జీతాలు, ఇంటి నుంచి డబ్బులు వచ్చే వారం అది. 25 తర్వాత ఒకసారి చూస్తేనే అసలు సంగతి.

బేగంబజార్_సరుకు
నెల గూడ చూసుకోవాలె. కార్తీకంల, అయ్యప్ప మాలలప్పుడు నీసు కూర గిరాకీ పడిపోతది. శ్రావణంల సగం మంది తినరు. ఆషాఢం బోనాల ఆదివారాలు చికెన్ లెక్కే వేరు. సంక్రాంతికి కేపీహెచ్‌బీ సగం ఖాళీ. గా వారం లెక్క రాసి మొత్తం యాడాదికి కట్టకు.

కేపీహెచ్‌బీ_కొత్తషాపు
అవును, నాలుగూ 10వ తేదీ లోపలివే. 26, 27, 28 మళ్లీ కూర్చుంటా, బస్టాప్ షాపూ హాస్టల్ గల్లీ షాపూ రెండే. పుల్కా ప్యాకెట్లు ఈసారి విడిగా గీస్తా. మలిగ ఓనర్‌కి అడ్వాన్స్ సంగతి 1వ తేదీన చెబుతానన్నా. కాటా ఉంది, జల్లెడకి ఎన్ని మిల్లీమీటర్ల కన్నం ఉండాలి?

తూకంరాయి
4 నుంచి 5. అంతకంటే సన్నగా ఉంటే ఉల్లిపాయ గుజ్జు పైనే ఆగిపోయి ముక్కల లెక్కలో కలుస్తుంది.